రూసు బొమ్మ ఆఖరి రీలు

గొంగళ్ళు అమ్మేవాడికి చలికాలమే పంటకాలం. పెద్ద యుద్ధం నడుస్తున్న ఫసలీ పదమూడు వందల యాభై మూడులో ఆ పంట మా ఇంట్లో విరగపండింది. గాదె నిండింది, ఇంటి మీద కొత్త పెంకు పడింది, మా అన్న కుర్మయ్య మగ్గం మానేశాడు. ఇవన్నీ ఒకే లెక్కలోవి. విడదీసి చెప్పమంటే నా వల్ల కాదు.

మేము శంషాబాదు కుర్మవాళ్ళం, ఉన్ని గొంగళ్ళు మా కులవృత్తి. అన్న నేసేవాడు, నేను అమ్మేవాణ్ణి. పొద్దున లేస్తే అన్న వాకిట్లోని మగ్గం గుంతలో కాళ్ళు దించి కూర్చునేవాడు. నేను గాడిద మీద మూటలు వేసుకుని కొత్తూరు సంతకో తుక్కుగూడకో బయలుదేరేవాణ్ణి. నల్ల ఉన్ని, చింతగింజల గంజి, మా వదిన చంద్రమ్మ వడికిన నూలు, అన్న చెయ్యి. వీటితో తయారైన గొంగడి వానలో పట్టుకుంటే చుక్క లోపలికి దిగేది కాదు. నేను దాన్ని పొగడాల్సిన పని ఉండేది కాదు. కొనేవాడు ముందు గొంగడి అడుగు అంచు పట్టుకుని, జేనెడు లోపలికి వేళ్ళు నడిపించేవాడు. అక్కడ ఒకే ఒక తెల్ల పోగు ఈ కొస నుంచి ఆ కొసకు పోయేది. అది కనపడితే, "కుర్మయ్యదే" అని భుజాన వేసుకునేవాడు.

ఆ పోగు సంగతి చెప్పాలి. మా వైపు నేసే ఇళ్ళలో ఒక్కో ఇంటికి ఒక్కో చోట తెల్ల పోగు ఉంటుంది. ఒకరిది తలాపు వైపు, ఒకరిది నడుమ, ఒకరివి పక్కపక్కన రెండు. మాది అడుగు అంచుకు జేనెడు లోపల. సోకు కోసం పెట్టేది కాదు. గొర్రెల వెంట అడవులు పట్టి తిరిగేవాడి గొంగడి ముళ్ళకు చిరుగుతుంది, నిప్పురవ్వ పడి కాలుతుంది. అప్పుడు పోగు చూసి, ఏ ఇంటిదైతే ఆ ఇంటికి తెస్తారు. నేసినవాడు ఊరికే బాగుచేసి ఇవ్వాలి. తండ్రి నేసింది చిరిగితే కొడుకు ఇవ్వాలి. మా నాయన నేసిన గొంగళ్ళు ఆయన పోయాక కూడా మా వాకిట్లోకి వస్తుండేవి. అన్న వాటిని ఒళ్ళో వేసుకుని, నాయనతో మాట్లాడుతున్నంత నెమ్మదిగా కుట్టేవాడు. దీనివల్ల లాభమేమిటని నేను చిన్నప్పుడు అడిగితే నాయన నవ్వి ఊరుకున్నాడు. సంతల్లో తిరగడం మొదలుపెట్టాక నాకే తెలిసింది, నా నోటికి పని తప్పించింది ఆ పోగేనని.

ఆ ఏడు సర్కారు వసూలు చేసే లెవీ కింద జొన్నలు గాదెల అడుగు ఊడ్చుకుని పోయాయి. సంతలో ధాన్యం బస్తా కనపడితే మనుషులు ఈగల్లా ముసిరేవారు. అలాంటప్పుడు పట్నంలో ఒక కంట్రాక్టరు మనిషిని పంపి, లడాయికి పోయే ఫౌజుకు నల్ల గొంగళ్ళు కావాలని, గొంగళ్ళకు బదులు జొన్నలే ఇస్తానని అన్నాడు. నేను మా వాడలో వాళ్ళందరి తరఫున ఒప్పుకుని, మచ్చుకు అన్న నేసినదే పట్టుకుపోయాను.

సరుకు పరీక్షించే సాబు కొలత చూశాడు, తూకం చూశాడు, తల ఊపాడు. తర్వాత అంచు తిరగేశాడు.

"ఏం జీ, ఈ తెల్ల గీత ఏంది?"

"మా ఇంటి పోగు సాబ్. చిరిగితే మా కాడికి తెచ్చుకునేటందుకు."

"ఎవరు తెస్తరు?"

"కప్పుకున్నోళ్ళు."

ఆయన పక్కనున్న గుమాస్తా వైపు చూసి నవ్వాడు. "అరే, బర్మాల చిరిగితే సిపాయి శంషాబాదు దాంక నడిచొస్తడా? రఫూ చేయించుకొని మళ్ళ లడాయికి పోతడా?"

నాకూ నవ్వొచ్చింది. నిజమే కదా.

"ఇగో చూడు, ఫౌజు మాల్ అంటే ఒక్కలెక్కనే ఉండాలె," అన్నాడు. "ఒకడు పోతే వాడు కప్పుకున్నది ఇంకొకనికి ఇస్తరు. ఇది వీనిది, అది వానిది అని ఉండొద్దు. గీత తీసి తే."

తిరిగి వస్తూ దారిపొడుగునా నేను ఆలోచించింది ఒకటే. ఆనవాలు ఉన్న సరుకును ఒక్కొక్కటిగా అమ్మాలి. ఆనవాలు లేనిదాన్ని కుప్పగా అమ్మవచ్చు. ఆకలి కాలంలో కుప్పే మేలు.

అన్న గుంతలో ఉన్నాడు. పోగు తీసేయాలట అని చెప్పాను. ఆయన చెయ్యి ఆపలేదు.

"తీసేస్తే చిరిగినప్పుడు ఎవనింటికి తెస్తరు?"

"ఎవనింటికీ తేరు. పారేస్తరు."

అప్పుడు ఆపాడు. "గొంగడి పారేస్తరా?"

నా భార్య సక్కుబాయి బావతో ఎదురుగా మాట్లాడదు. లోపలి నుంచి మా వదినతో అంటున్నట్టు అంది. "అక్కా, ఆ పోగు దంచి గటక కాస్తమేమో అడుగు."

"నువ్వే అడుగు," అంది వదిన రాట్నం తిప్పుతూ. "నా మాట మగ్గం సప్పుడుకు ఇనపడది ఆయనకు. పెండ్లయినప్పటి సంది గిదే కత."

"ఇనపడ్తది," అన్నాడు అన్న. "జవాబు లేక చెప్త లేను."

వాడలో మిగతావాళ్ళు మా ఇంటివైపే చూస్తున్నారు. కుర్మన్న తీస్తే మేమూ తీస్తాం అన్నారు. తీయమని ఒక్కడూ అనలేదు, తీయొద్దని కూడా అనలేదు. అన్న ముందులాగే పోగు పెట్టి నేస్తున్నాడు. అవి ఇంట్లో పేరుకుంటున్నాయి. వాటిని కొనే కాపరులకు ఆ ఏడు తిండే లేదు. ఆయన పోగు వదిలితే ఇంటికి జొన్నలు వస్తాయి, వదలకపోతే మగ్గం పక్కనే మేమందరం ఆకలికి మాడతాం. అంతకంటే చిక్కుముడి ఏమీ లేదందులో.

అట్లాంటి రోజుల్లో శంషాబాదుకు బొమ్మ వచ్చింది.

యుద్ధం ఫండు వసూలు చేసేవాళ్ళు లారీలో ఇంజను, పెద్ద తెల్లగుడ్డ, రీళ్ళ డబ్బాలు తెచ్చి సంత మైదానంలో దిగారు. ఫుకటు ఆట, టికెట్టు లేదు, చివర్లో తోచినంత ఫండు వెయ్యాలి. రూమీ టోపీ పెట్టుకున్న ఒక ఆయన బొమ్మ నడుస్తుంటే పక్కన నిలబడి అర్థం చెప్తాడట. దీపాలు పెట్టే వేళకు మైదానమంతా జనం. అన్న రానన్నాడు. "గొంగళ్ళు కప్పుకునేటోళ్ళ లడాయి ఎట్లుంటదో చూద్దాం రా," అని నేనే లాక్కుపోయాను.

అందరం తోపులు పేలతాయని, విమానాలు వస్తాయని చూస్తున్నాం. గుడ్డ మీద తెల్లటి నేల కనపడింది, దాని మీద చిన్న ఊరు.

"ఎంత పత్తి పండింది చూడు," అన్నాడు మా వాడ బుచ్చయ్య.

"పత్తి కాదు, బర్ఫ్. మంచు," అన్నాడు టోపీ ఆయన. తర్వాత లారీవాడి వైపు తిరిగి, "డబ్బా మారిందిరా," అని గొణిగాడు. ఆపలేక, జనం వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. "ఇది మన దోస్తు రూసోళ్ళ బొమ్మ. ఈయన మోచీ. బూట్లు కుడతడు. చూడుర్రి."

బొమ్మలో వాళ్ళు ఏదో మాట్లాడుతున్నారు. ఆ భాష టోపీ ఆయనకూ రాదని కొంచెంసేపటికే మాకు తెలిసిపోయింది. అయినా బొమ్మ మాకు అందింది.

ఆ బూట్లవాడు సన్నగా, మెడ పొడుగ్గా ఉన్నాడు. ఎవరు వచ్చినా కింద కూర్చుని దారంతో పాదం కొలిచి, ఆ దారాన్ని గోడకు తగిలించేవాడు. గోడనిండా దారాలే. ఒక్కో దారం ఒక్కో మనిషి. ఒక ముసలామె వస్తే మొహం చూడకుండానే, ఆమె అడుగుల చప్పుడు విని దారం తీసి పెట్టాడు. మా అన్న వెనక్కి ఒరిగి కూర్చున్నవాడు ముందుకు జరిగాడు.

ఆ ఊరికి పెద్ద అధికారి వచ్చాడు. ఇకమీదట ఊరందరికీ ఒకే కొలత బూట్లు అని హుకుం. గోడమీంచి చేతికందిన దారం ఒకటి లాక్కున్నాడు, మిగతావన్నీ పొయ్యిలో వేశాడు. ఆ ఒక్క కొలతతో గుట్టలు గుట్టలుగా బూట్లు తయారయ్యాయి. పెద్దపాదాల వాళ్ళు వేళ్ళు ముడుచుకున్నారు, చిన్నపాదాల వాళ్ళు గడ్డి కుక్కుకున్నారు. ఊరంతా కుంటడం మొదలుపెట్టింది. సిపాయిలు కుంటుతూ కవాతు చేశారు. పెళ్ళికొడుకు కుంటుతూ వచ్చాడు, పాదిరి కుంటుతూ వచ్చి పెళ్ళి చేశాడు. మైదానమంతా పడిపడి నవ్వింది. బుచ్చయ్య లేచి తెర ముందర కుంటి చూపించాడు. వాడి నీడ తెరమీద సిపాయిలతో కలిసి కుంటింది. నేను కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

ఒక్క బూట్లవాడే తిన్నగా నడుస్తున్నాడు. ఎందుకంటే అధికారి చేతికి అందిన దారం అతని సొంత పాదానిది. అది టోపీ ఆయన చెప్పకముందే మా అన్న చెప్పాడు. "గది గాయన దారమే," అన్నాడు మెల్లగా. "గందుకే తిన్నగ నడుస్తుండు."

ఊరంతా ఒకరకంగా నడుస్తుంటే నువ్వొక్కడివే వేరుగా నడుస్తావా అని అతణ్ణి పట్టుకుపోయి జైల్లో వేశారు. కుంటడం నేర్పడానికి ఒక జమాదారును పెట్టారు. జమాదారు బెత్తం పట్టుకుని లెక్క చెప్తాడు, బూట్లవాడు కుంటడానికి ప్రయత్నిస్తాడు, కాలు వినదు. పడతాడు, లేస్తాడు. మాకు నవ్వే నవ్వు. చివరికి నేర్చుకున్నాడు. ఎంత బాగా నేర్చుకున్నాడంటే జమాదారే మెచ్చి భుజం తట్టాడు. వదిలేశారు. బజారులో కుంటుతూ పోతుంటే జనం చప్పట్లు కొట్టారు. ఇంటికి చేరి తలుపు తోశాడు.

అక్కడ ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చీకటి.

లారీవాడు ఎంత తిప్పినా అది కదలలేదు. టోపీ ఆయన లాంతరు ఎత్తి పట్టుకున్నాడు. "ఖతం. గింతే. అకల్ వచ్చింది, బుద్ధిగ ఇంటికి పోయిండు. ఇగ ఫండు వెయ్యుర్రి."

ఇంటికి నడుస్తుంటే అన్న అడిగాడు. "ఖతమేనా నిజంగ?"

"ఖతమనే అన్నడు గదా."

"ఇంజన్ ఆగింది గని, బొమ్మ ఆగిందా?"

"ఇంటికి పోయినంక ఇంకేముంటదన్నా? జర కుంటిండు, బయట పడ్డడు. పెండ్లాం కాడికి పోయిండు. బువ్వ తింటడు, పంటడు. నష్టమేమున్నది?"

నేను బొమ్మను కూడా సరుకులాగే చూసేవాణ్ణి. పెట్టింది ఎంత, వచ్చింది ఎంత. ఆ లెక్కన బూట్లవాడు కొంచెం పెట్టి చాలా రాబట్టుకున్నాడు. అది తెలివైన బేరమని ఆ పూట నేను మనస్ఫూర్తిగా నమ్మాను.

"తలుపు తోసిండు గని లోపలికి పోలేదు," అన్నాడు అన్న వాడ మలుపులో. నేను విన్నాను. మనసులో అప్పటికే జొన్నల బస్తాలు లెక్కేస్తున్నాను.

పొద్దున అన్న గూట్లోంచి తెల్ల ఉన్ని ఉండ తీసి వదిన చేతికిచ్చాడు. "లోపల పెట్టు," అన్నాడు. వదిన నావైపు చూసింది. సక్కుబాయి అప్పటికే పొయ్యి రాజేస్తూ, ఎప్పటికంటే హుషారుగా గిన్నెలు చప్పుడు చేస్తోంది.

పోగు తీసేయడం తేలికే అనుకున్నాం. మొదటి మూట పట్నంలో సాబు ముందర విప్పితే ఆయన ఒక గొంగడి మీద వేలు నడిపించి, జేనెడు లోపల ఆగాడు. "ఇక్కడ గట్టుంది."

తెల్ల పోగు లేదు. కానీ దాని చోట నేత దట్టంగా ఉబికి ఉంది. ఆ చోటికి రాగానే అన్న చెయ్యి తనంతట తాను ఒక క్షణం ఆగి, ఇంకో దెబ్బ గట్టిగా వేస్తోంది. అన్నవన్నీ అంతే. చీకట్లో తడిమినా ఇది మా ఇంటిదని చెప్పవచ్చు. సాబు వాటిని పక్కకు నెట్టాడు.

"నేను ఆపుతలేను," అన్నాడు అన్న. "చెయ్యి ఆపుతుంది."

దానికి ఉపాయం మా వదిన చెప్పింది. ఆయన మనసు అటుండకుండా చూస్తే చెయ్యి మరిచిపోతుందని. రాట్నం జరుపుకుని మగ్గం పక్కనే కూర్చుంది. జేనెడు దగ్గర పడుతుంటే అన్న, "ఇగ వస్తున్నది, మాట్లాడు," అనేవాడు. వదిన అందుకునేది.

"రుక్కమ్మ కోడలు అలిగి పుట్టింటికి పోయిందట. ఎందుకంటవు? అత్త గటకల ఉప్పు ఎక్కువేసిందని."

"ఉప్పుకే పోయిందా?"

"ఉప్పుకు పోలే. ఎక్కువైందంటే, నీ నోరే ఉప్పగుందన్నదట అత్త. గందుకు పోయింది."

అన్న నవ్వేవాడు. నవ్వులో ఆ చోటు దాటిపోయేది. మా ఇంట్లో మగ్గం దగ్గర అంతగా నవ్వులు అంతకు ముందెన్నడూ వినలేదు. వదిన దగ్గర కబుర్లు అయిపోతే కల్పించేది. కల్పించినవని తెలిసి అన్న ఇంకా నవ్వేవాడు. సక్కుబాయి గడపలో కూర్చుని, "అక్కా, జమాదారి లెక్క బెత్తమొక్కటే తక్కువ నీకు," అంది ఒకరోజు. ఆమె బొమ్మ చూడలేదు, నేను చెప్పగా విన్నదే. ఆ మాటకు అన్న నవ్వు మధ్యలో ఆగింది. తర్వాత మళ్ళీ పోగు చుట్టిన నాడె విసిరాడు.

మాఘం వెళ్ళేసరికి వదిన మాటల అవసరం పోయింది. అన్న చెయ్యి ఎక్కడా ఆగడం లేదు. వాడలో అందరి గొంగళ్ళూ ఒకే కుప్పగా వేస్తే అన్న నేసినది ఏదో నేనే గుర్తుపట్టలేకపోయాను. నాకు ముచ్చటేసింది. పుట్టినప్పటినుంచి ఆ నేత కప్పుకున్నవాణ్ణి నేనే పోల్చుకోలేకపోతే ఇంక సాబు ఏం పోల్చుకుంటాడు. జొన్నల బస్తాలు బండిలో వచ్చాయి. వాడంతా కడుపునిండా తిన్నది. దీన్ని నేను ఈనాటికీ తక్కువ చేసి చెప్పను. ఆ చలికాలం మా చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లలు పోయారు, మా వాడలో పోలేదు.

ఉగాది ముందర కంట్రాక్టరు చేతులు దులుపుకున్నాడు. మిల్లు కంబళ్ళు వస్తున్నాయట, ఇక చేతివి అక్కర్లేదట. సరే అనుకున్నాను. కాపరులు ఎక్కడికి పోతారు, మా పాత బేరం మాకుంది.

కొత్తూరు మొగులయ్య వచ్చాడు. పెద్ద మంద ఉన్న మనిషి, మూడు తరాలుగా మా ఇంటి గొంగళ్ళే కప్పుకున్నవాళ్ళు. కొడుకు పెళ్ళి పెట్టుకున్నాడు. నేను ఇంట్లో మిగిలిన నల్లవి చూపించాను. అతని వేళ్ళు అంచు వెంట నడిచాయి, ఆగాయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి.

"ఇది ఎవ్వలది?"

"మాదే."

"మీదైతే పోగేది?"

"పోగు పెట్టి కొత్తది నేస్తడు అన్న. పెండ్లికి అందిస్తం."

వదిన తెల్ల ఉన్ని ఉండ తెచ్చి ఇచ్చింది. అన్న పడుగు సాగదీసి గంజి పట్టించి, గుంతలో దిగాడు. మొగులయ్య అరుగు మీద చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. మగ్గం చప్పుడు నడుస్తూ నడుస్తూ ఆగింది. అన్న వంగి చూశాడు. చోటు దాటి పోయాడు. నేసింది విప్పి వెనక్కి వచ్చాడు. మళ్ళీ నేశాడు, ఈసారి ముందే పోగు వేశాడు. జేన పెట్టి చూస్తే రెండు వేళ్ళు తక్కువ. మళ్ళీ విప్పాడు.

కొలిచి వేయవచ్చు కదా అని నాకు తోచింది. అన్నాను కూడా. జేన పెట్టి గుర్తు గీసుకుని వేశాడు. పోగు చోటులోనే పడింది, కానీ వదులుగా, పాములా మెలికలు తిరిగి పడింది. ఆ చోట ఆగి వేసే గట్టి దెబ్బ లేనిదే ఆ పోగు తిన్నగా నిలవదు. ఆ దెబ్బ ఎలా వేసేవాడో అన్నకు తెలియడం లేదు.

ఇంకోసారి విప్పాడు. నాడె చేతిలో పట్టుకుని, తల ఎత్తకుండా అన్నాడు.

"జర మాట్లాడకే."

"నేనేం మాట్లాడలే," అంది వదిన.

నిజంగానే ఆమె మాట్లాడలేదు. రాట్నం కూడా ఆపి కూర్చుంది.

అన్న నాడె పడుగు మీద పెట్టాడు. గుంతలోంచి కాళ్ళు పైకి తీశాడు. గంజి చేతులు కడుక్కుని అరుగు మీదికి పోయాడు. "మొగులన్నా, నీ గొర్లకు మనిషి కావాలంటివి గదా."

"కావాలె. ఎవలున్నరు?"

"నేనొస్త."

మొగులయ్య చుట్ట నోట్లోంచి తీసి నావైపు చూశాడు, అన్న వైపు చూశాడు. "ఉగాది పోయినంక రా," అని మాత్రం అన్నాడు. పెద్దమనిషి. ఆ పండుగ పోయిన మూడోనాడు అన్న కర్ర పట్టుకుని మంద వెంట పోయాడు. పాతది ఒక గొంగడి, నాయన నేసింది, భుజాన వేసుకుపోయాడు.

ఆ తర్వాత మా వదిన మాటలు తగ్గించింది. ఒకప్పుడు ఇల్లంతా ఆమె కబుర్లే. సక్కుబాయి ఎంత కదిలించినా ఊఁ కొట్టి ఊరుకునేది. ఒకే పొయ్యి మీద వండుకుంటూ ఆడవాళ్ళిద్దరూ రెండు ఇళ్ళ మనుషుల్లా తిరిగారు. గాదె నిండా జొన్నలు ఉన్నాయి, తినే మనిషి ఒకడు తగ్గాడు.

ఎండలు ముదిరాక పని మీద పట్నం పోయాను. సుల్తాన్‌బజారు వైపు ఒక టాకీసు గోడమీద కాగితం కనపడింది. చేతిలో బూటు పట్టుకున్న సన్నటి మనిషి, పొడుగు మెడ. పగటి ఆట. నా కాళ్ళు నన్ను అడగకుండానే లోపలికి పోయాయి.

ఈసారి అర్థం చెప్పేవాడు లేడు. హాలులో కాలేజీ పిల్లలు, వకీళ్ళు, కొందరు దొరసానులు. మా మైదానం ఎక్కడ నవ్విందో వాళ్ళూ అక్కడే నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తలుపు కోసం చూస్తూ కూర్చున్నాను.

తలుపు తోశాడు. ఇంజను ఆగలేదు.

లోపల నేననుకున్న భార్య లేదు. ఎవరూ లేరు. గోడకు మేకులు ఉన్నాయి, దారాలు లేవు. అతను తలుపు మూసి, కిటికీకి గుడ్డ అడ్డం పెట్టి, ఇంక ఎవరూ చూడరని గట్టి చేసుకుని, ఈ గోడ నుంచి ఆ గోడకు తిన్నగా నడవబోయాడు. కుంటాడు. నవ్వుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. కుంటాడు. బూట్లు విప్పాడు. ఒట్టి కాళ్ళతో కూడా కుంటాడు. హాలు నవ్వుతోంది. అతను కింద కూర్చుని, ఒక దారం వెతికి, ఊరందరి పాదాలు కొలిచినట్టే తన పాదం కొలుచుకున్నాడు. ఆ ఒక్క కొలతతో చేసిన బూటు పక్కన పెట్టి పోల్చాడు. కొలత సరిగ్గా సరిపోయింది. పాదం అదే. నడకే లేదు. అక్కడ హాలులో నవ్వు పలచబడింది.

ఇంకా ఉంది. ఆ అధికారి పోయి ఇంకో అధికారి వచ్చాడు. ఎవరి బూట్లు వాళ్ళు వేసుకుని తిన్నగా నడవండని కొత్త హుకుం. ఊరు ఊరంతా ఒక్క పూటలో తిన్నగా నడవసాగింది, ఎన్నడూ కుంటనట్టే. బజారులో ఒక్కడే కుంటుతున్నాడు. సిపాయిలు వచ్చి అతణ్ణి మళ్ళీ పట్టుకుపోయారు. తెల్లటి నేల మీద వరసగా తిన్నటి అడుగులు, నడుమ ఒక్క వంకర అడుగుల బాట. అది మంచులో దూరంగా పోయి, అయిపోయింది.

బయటికి వచ్చాక ఎండలో నిలబడి నా లెక్క మళ్ళీ వేసుకున్నాను. సగం బొమ్మ చూసి పూర్తి బేరం కుదుర్చుకున్నాం. అయితే ఆఖరి రీలు ముందే చూసి ఉంటే ఏం చేసేవాణ్ణి? జొన్నలు వద్దనేవాణ్ణా? అనేవాణ్ణి కాదు. అంత మాత్రం నాకు తెలుసు. అందుకే నాకు ఏ వైపు వెయ్యాలో తెలియని పద్దు అదొక్కటే.

మరునాడు అన్నను వెతుక్కుంటూ పోయాను. తుక్కుగూడ దాటి గుట్టల అవతల, ఎండిన వాగులో చెలమ తీసి గొర్రెలకు నీళ్ళు పెడుతున్నాడు. నల్లబడ్డాడు. చెంపలు లోపలికి పోయాయి.

"ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"ఉన్నరు." బండరాయి మీద కూర్చుని బొమ్మ చివరిదాకా చెప్పాను. గుడ్డ అడ్డం పెట్టుకున్నది, దారంతో కొలుచుకున్నది, కొత్త హుకుం, మళ్ళీ పట్టుకుపోయింది. ఒక్కటీ వదల్లేదు. అన్న చెలమలో చెంబు ముంచుతూనే విన్నాడు. మళ్ళీ పట్టుకుపోయారనగానే నవ్వాడు. చాలాసేపు నవ్వాడు, దగ్గు వచ్చేదాకా.

"కుంటకుంటె ఒకసారి, కుంటితె ఒకసారి," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "మంచి బొమ్మ."

"అన్నా, ఇప్పుడు ఏ సాబూ లేడు. ఎవడూ వేలు పెట్టి చూడడు. జర అటో ఇటో పడ్డా పోగు పోగే. ఇంటికి రా."

"అటో ఇటో పడితె గది మనిల్లు కాదు తమ్మీ." నెమ్మదిగా చెప్పాడు, తెలియనివాడికి చెప్పినట్టు. "రెండు వేళ్ళు ఇవతల పడితె తుక్కుగూడ దశరథపోళ్ళది. జర అవతల పడితె ఇంకొగలది. రేపు చిరిగితె మోసుకొని వాళ్ళింటికి పోతరు. తాము నెయ్యనిదాన్ని వాళ్ళెందుకు కుట్టియ్యాలె?"

ఎంతటి బేరంలోనైనా ఎదుటివాడికి ఇంకో మాట చెప్పి నిలబెట్టగలనని నాకు పేరు. అక్కడ గొర్రెలు నీళ్ళు తాగే చప్పుడు వింటూ కూర్చున్నాను.

నేను లేచాక అన్నాడు. "మగ్గం గుంత పూడ్వు. తెరిచిపెట్టకు. వానకాలం నీళ్ళు నిలుస్తయి, గొడ్డు పడితె కాలు ఇరుగుతది."

"వదినకు ఏం చెప్పాలె?"

అన్న చెంబు నేల మీద పెట్టాడు. "నువ్వేం చెప్పకు. అడిగితె గుంత సంగతి చెప్పు."

ఆమె అడిగింది. చెప్పాను. వదిన కొంగు బిగించి, ఇంటి వెనకకు పోయి పార తెచ్చింది. సక్కుబాయి తట్ట పట్టుకుంది. ఆడవాళ్ళిద్దరూ మట్టి తవ్వి ఇస్తుంటే నేను పోశాను. నాయన కూర్చున్న గుంత, ఆయన నాయన కూర్చున్న గుంత. కాళ్ళు ఆనే చోట నేల రాయిలా నునుపుదేలి ఉంది. తట్టలు తట్టలు పోసినా అది నిండినట్టు అనిపించలేదు. పొద్దుగూకేవేళకు నేల సమం చేసి, ముగ్గురం దాని మీద తొక్కాం.

మొదటి వానకు ఆ చోటు కుంగింది. మళ్ళీ మట్టి పోశాం. రెండో వానకు మళ్ళీ కుంగింది.